కొంగ దాటేసిన చోటు

దాలమ్మ చేసిన చివరి మామూలు పని, ఒక వంజరాన్ని ముక్కలు కోసి, ఆ ముక్కలు వంకరగా వచ్చినందుకు దాన్ని కొనుక్కున్న జగన్నాధం మాస్టారినే తిట్టడం.

"పలసగా కొయ్యమంటావు, మల్లీ ముక్క ఇరగకూడదంటావు. ఇది సేప మాస్టారూ, మైసూరుపాకం కాదు" అంది.

ఆయన నవ్వి సంచీ అందుకున్నాడు. తప్పు మాస్టారిది కాదనీ, దాలమ్మ కుడి మణికట్టుదనీ పక్కనే కూర్చుని తూకం వేస్తున్న తులసికి తెలుసు. తెలిసీ ఊరుకుంది. నోరు విప్పితే ఆ తిట్లు ఇటు మళ్ళుతాయి.

ఆ సాయంత్రం ఇద్దరూ టెక్కలి మార్కెట్టు నుంచి భావనపాడు వచ్చారు. దాలమ్మ నీళ్ళు పోసుకుని, గంజన్నం తిని, చాప పరుచుకుంటూ, "రేపు కొంగ కాడికెల్లాల. బేగి లెగు. నీకోసరం రైలు ఆగదు" అని చెప్పి అటు తిరిగి పడుకుంది. తెల్లవారి రైలు వేళకి తులసి లేచింది. దాలమ్మ లేవలేదు.

నిద్రలో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఊరు ఆ మాట వింటేనా? శవం వాకిట్లో ఉండగానే గోడవార కూర్చున్న ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"సికాకులంలో ఆ లైటు కొట్టించుకున్నాది గదా. అదే గుండెకి ఎక్కేసినాది."

"మిసను వైద్దిం మన ఒంటికి పడుద్దేటి?"

తులసికి ఏడుపు కన్నా ముందు విసుగొచ్చింది. మణికట్టు మీదే పడని లైటు గుండెకెలా ఎక్కుతుంది? పడి ఉంటే ఏ గొడవా లేకపోను. పడలేదన్నదే కదా ఇన్నాళ్ళ రగడ. ఆ సంగతి వీళ్ళకి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. మొదటినుంచీ వినే ఓపిక ఆ వాకిట్లో ఎవరికీ లేదు.

మొదటినుంచీ అంటే ఇదీ.

దాలమ్మ, తులసి తోడికోడళ్ళు. దాలమ్మ పెద్దకోడలు. ఆమె మొగుడు ఎర్రన్న జబ్బు చేసి చాలాకాలం కిందటే పోయాడు. తులసి మొగుడు ధనరాజు ఏడాదిలో ఎక్కువ కాలం గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఈ ఇద్దరూ, మార్కెట్లో కూడా ఈ ఇద్దరే. పొద్దున్నే ఒడ్డున చేప కొని, గంపలు ఆటోకెక్కించి, టెక్కలి మార్కెట్లో కుళాయి పక్కన కూర్చుంటారు. ఆ కుళాయి పక్క చోటుకి విలువ చాలా ఎక్కువ. చేప కడగడానికి నీళ్ళు మొయ్యక్కర్లేదు. కడిగిన చేప మెరుస్తుంది, మెరిసిన చేప అమ్ముడుపోతుంది.

మార్కెట్లో ఎవరూ రాయని ఒక కట్టడి ఉంది. కత్తిపీట ఆడుతున్నంత కాలమే చోటు. కొయ్యగలిగినవాళ్ళు కుళాయి దగ్గర, ఊరికే అమ్ముకునేవాళ్ళు గేటు అవతల ఎండలో. అవతలి పక్కన కూర్చునే గున్నమ్మ దాలమ్మ చెయ్యి మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచేది. దాలమ్మ ఒక్క పూట రాకపోతే గున్నమ్మ గోనెపట్టా జానెడు ఇటు జరిగేది. మర్నాడు దాలమ్మ వచ్చి కాలితో దాన్ని జానెడు అటు తోసేది. ఇద్దరూ దీని గురించి పల్లెత్తు మాట అనుకునేవాళ్ళు కాదు.

కొయ్యడం దాలమ్మ పని. పిలవడం, తూచడం తులసి పని. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తులసి పీట ముందు కూర్చుని చూపుడువేలు తెగ్గోసుకుంది. అప్పట్నుంచీ దాలమ్మ ఆమెని పీట తాకనివ్వలేదు.

"నీ ఏలు కోసి పెడితే అది ఏ సేపని సెప్పి తూకమెయ్యాల?"

పీట మీద పాదం వేసి, రెండు చేతులతో చేపని పట్టుకుని, నిలబడిన కత్తికేసి నెట్టాలి. నెట్టేటప్పుడు కుడి మణికట్టు మెలి తిరుగుతుంది. ముప్పయ్యేళ్ళు అలా మెలి తిరిగిన మణికట్టు కిందటి చలికాలంలో వాచింది. బొటనవేలి మొదట్లో నరం పట్టేసి, మంచినీళ్ళ చెంబు ఎత్తితే చేతిలోంచి జారేది. దాలమ్మకి తెలిసిన వైద్యం కాపడం. పెనం మీద ఉప్పు మూట వేడి చేసి, చర్మం ఎర్రబడేదాకా అదిమి పెట్టేది. కళ్ళలో నీళ్ళు తిరిగితే మందు పట్టిందని లెక్క.

శ్రీకాకుళంలో మరమనిషి వైద్యం ఉందని చెప్పింది జగన్నాధం మాస్టారే. ఆయన నడుం నొప్పి అక్కడే తగ్గిందట. సూది లేదు, మాత్ర లేదు, వెలుతురు పడితే వాపు తీస్తుందట. వేట నిషేధం రోజులు. ఒడ్డున పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. మార్కెట్లో ఎండుచేప తప్ప ఏమీ లేదు, కోసే పని లేదు. నిషేధం ఎత్తేసేలోగా చెయ్యి బాగుపడకపోతే చోటు గున్నమ్మదే. అందుకని నౌపడలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో టౌన్లోని ఆ ఆసుపత్రికెళ్ళారు.

అక్కడున్నది మనిషి ఆకారమేమీ కాదు. చక్రాల బల్ల మీద నిలబెట్టిన తెల్లటి చెయ్యి. మూడు నాలుగు చోట్ల కీళ్ళు, కొసన గుండ్రటి తల, ఆ తలలో కెమెరా. దాన్ని నడిపే అమ్మాయి పేరు శ్రావణి, గజపతినగరం పిల్ల. ఉద్యోగంలో కొత్త. దాలమ్మని బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళకి నల్లద్దాలు పెట్టి, కుడి చేతిని మెత్త మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టింది. గోడ మీద కంపెనీవాళ్ళు అతికించిన బొమ్మలో చెయ్యి అలాగే ఉంది.

"కదలకూడదు మామ్మా. ఇది ముందు నీ చెయ్యంతా చూసుకుంటుంది. తర్వాత దగ్గరికొచ్చి ఎర్రలైటు వేస్తుంది. వేడుండదు. ఒక్కసారికి తగ్గదు, మెల్లగా తగ్గుతుంది."

యంత్రం మెడ వంచి, మణికట్టు మీదుగా ఒకసారి అటూ ఇటూ చూసి, ఆగింది.

"ఏటే తులసీ, గెడ్డలో కొంగలా ఉన్నాది" అంది దాలమ్మ నల్లద్దాల్లోంచి. ఆ మాటతో పాటు చెయ్యి కూడా లేచింది. యంత్రం కీచుమని వెనక్కి తగ్గింది.

శ్రావణి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. కొంగ మళ్ళీ చూసుకుంది. దాలమ్మ మళ్ళీ ఏదో చెప్పబోయింది. కొంగ మళ్ళీ వెనక్కి పోయింది.

"సెయ్యి కదపకుండా మాటాడలేవేటి అప్పా?" అంది తులసి.

"నోటికీ సెయ్యికీ దేవుడు ఒకే తాడు కట్టినాడు. నన్నేటి సెయ్యమంటావు?"

చివరికి తులసి ఆమె భుజం అదిమి పట్టుకుంది. కొంగ దిగింది. మోచేతి వైపు నుంచి ఎర్రటి వెలుతురు వల అల్లినట్టు వరస తర్వాత వరసగా కిందికొచ్చింది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయింది. తల పైకెత్తి, రెండంగుళాలు దాటి, అరచేతి మీద దిగి, మళ్ళీ వెలిగింది.

"ఓలే గుంటా, నొప్పి అక్కడే. నీ కొంగ దాటేసినాది."

శ్రావణి వంగి చూసింది. దాలమ్మ మణికట్టు లోపలి వైపున, బొటనవేలి మొదలు దాకా, దట్టంగా పచ్చబొట్టు ఉంది. చుక్కల వరసలు, మధ్యలో తీగ, ఒక చేప. చిన్నప్పుడు సంతలో పొడిపించుకున్నది. ఏళ్ళు గడిచేకొద్దీ గీతలు ఒకదానిలోకి ఒకటి పాకి అక్కడి చర్మమంతా నల్లపచ్చగా మారిపోయింది.

"పచ్చబొట్టు మీద వెయ్యదు మామ్మా. నల్లరంగు వెలుతురుని పీల్చేసుకుంటుంది, చర్మం కాలుతుంది. అందుకే కెమెరాతో చూసి దాటెయ్యమని దానికి నేర్పారు."

"కాలనీ. నాను ఉప్పు మూట పెట్టుకుంటన్నానా? అదీ కాలుద్ది."

"ఇది కాలకూడదు."

"కాలకపోతే అది మందేటి?"

శ్రావణి మళ్ళీ మీట నొక్కింది. పక్కన నొప్పి లేని మంచి చర్మం మీదంతా శ్రద్ధగా లైటు వేసి, నొప్పి ఉన్నచోటు వదిలేసి, ఆ రోజు వైద్యం ముగిసింది.

తిరుగు రైల్లో దాలమ్మ అమ్మేదీ కొనేదీ లేకపోయినా గొంతు తగ్గించలేదు. "ఏటికి ఇటూ అటూ వాన కురిసి ఏట్లో సుక్క పడకపోతే ఆ వానేటి?" అని పెట్టెలో కూర్చున్నవాళ్ళందరినీ అడిగింది. పలాస వెళ్తున్న ఒకాయన, వానలు ఈ ఏడు బాగుంటాయన్నాడు. తులసి కిటికీ వైపు తిరిగిపోయింది.

తర్వాతిసారి రైల్లో దాలమ్మ మాట్లాడలేదు. తులసికి అప్పుడే అనుమానం రావలసింది. శ్రీకాకుళంలో ఆటో దిగాక, "నువ్వు లోనికెల్లి సీటీ తీసుకో, నాను నీల్లకెల్లొత్తాను" అని ఆసుపత్రి కుళాయి వెనక్కి పోయింది. తిరిగొచ్చేసరికి చీర కొంగు కుడి చేతి మీద కప్పుకుని ఉంది. బల్ల మీద పడుకున్నాక గానీ తియ్యలేదు.

శ్రావణి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ మీట నొక్కింది. కొంగ చూసుకుంది. దిగింది. మోచేతి నుంచి వరసలు కిందికొచ్చాయి. మణికట్టు దగ్గర ఈసారి ఆగలేదు. దాలమ్మ ముఖం విప్పారింది.

"అదీ. ఇప్పుడు తగిలినాది మందు. సుర్రుమంటన్నాది."

ఆ సుర్రుమనడం వినగానే శ్రావణి ఫోను పడేసి ఎర్రమీట మీద కొట్టింది. కొంగ అక్కడికక్కడే నిలబడిపోయింది. తడి దూది తెచ్చి మణికట్టు తుడిస్తే ముందు పౌడరు, దాని కింద శనగపిండి కలిపిన పసుపు ముద్ద, ఆ కింద పచ్చబొట్టూ బయటపడ్డాయి. పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత మందాన పెట్టింది. చేప బొమ్మ చుట్టూ చర్మం కందింది. పెద్ద దెబ్బ కాదు. కానీ శ్రావణి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీకేదైనా అయితే నా ఉద్యోగం పోతుంది మామ్మా."

"నీ ఉజ్జోగం సంగతి సరే. నా సోటు పోతాది, దానికేటి సెప్తావు?"

"ఏం చోటు?"

దాలమ్మ చెప్పింది. కుళాయి, పీట, గున్నమ్మ, గోనెపట్టా, జానెడు ఇటు, జానెడు అటు, గేటు అవతలి ఎండ. చెబుతున్నంతసేపూ చేతులు ఊపింది. యంత్రం ఆపేసి ఉంది కాబట్టి అది కీచుమనలేదు. శ్రావణి అంతా విని, కంపెనీకి ఫోను చేసింది. ఇంజనీరు మోహనకృష్ణ హైదరాబాదులో ఉంటాడట, ఇటు వచ్చినప్పుడు చూస్తానన్నాడట. ఎప్పుడు వస్తాడో చెప్పలేదు.

"ఒక పని చెయ్యొచ్చు" అంది ఆ పిల్ల భయపడుతూనే. "వైజాగులో పచ్చబొట్టు తీసేస్తారు. దానికి వేరే లైటుంది."

దాలమ్మ లేచి కూర్చుంది. నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సూడు గుంటా. నా మొగుడు పోయినప్పుడు పుస్తె తీసీసినారు. గాజులు తీసీసినారు. బొట్టు తీసీసినారు. దీన్ని మటుకు ఎవులూ తియ్యలేకపోయినారు. ఇప్పుడు నాను రైలెక్కి ఎల్లి తీయించుకోవాలేటి?"

శ్రావణి తల వంచుకుంది. తులసికి మాత్రం కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. చూసి దాటేసే యంత్రం మీదా, ఎప్పుడొస్తాడో చెప్పని ఇంజనీరు మీదా, పసుపు ముద్ద మీదా, కాదనలేని మాటలు చెప్పే ఈ మనిషి మీదా.

ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నారు. పక్కల పడ్డ వెలుతురుకి ముంజేతి వాపు తీసింది. మోచేతి లాగుడు తగ్గింది. బొటనవేలి మొదట్లో మాత్రం ఎక్కడి నొప్పి అక్కడే. కొంగ దిగిన ప్రతిసారీ దాలమ్మ, "ఇదిగో, దాటతాది సూడు... దాటినాది" అని చెప్పేది. చెప్పినప్పుడల్లా చెయ్యి కదిలేది. అది కీచుమనేది.

ఒకసారి రైలు దిగి వస్తూ తులసి అడిగింది.

"అప్పా, పీట నాకియ్యి. నాను నేర్సుకుంటాను."

"నీకు రాదు."

"నేర్పితే కదేటి వచ్చేది? నువ్వు కోసినన్నాల్లు కోసినావు. సెంబు పట్టుకోలేవు, వంజరం పడతావేటి?"

"పడతాను."

"పట్టలేవు. ముక్కలు వంకర పోతే జనం గున్నమ్మ కాడికి పోతారు. పీటా పోద్ది, సోటూ పోద్ది. నీ పంతం గంపలో ఏసుకుని గేటవతల అమ్ముకుందుము."

దాలమ్మ నడక ఆపి, రోడ్డు మీదే నిలబడి, పక్కన ఆగి ఉన్న ఆటోవాడు వింటున్నా లెక్కచెయ్యకుండా, "నాను పోయినాక కూకో. అంతవరకూ ముట్టావంటే సెయ్యి ఇరగ్గొడతాను" అంది.

"ఏ సేత్తో ఇరగ్గొడతావు?" అంది తులసి.

ఆటోవాడు నవ్వాడు. దాలమ్మ నవ్వలేదు. 

నిషేధం ఎత్తేశారు. బోర్లించిన పడవలు లేచాయి. మొదటి వేటలోనే వంజరం పడింది. దాలమ్మ మణికట్టుకి గుడ్డ బిగించి కట్టుకుని పీట ముందు కూర్చుంది. రోజంతా కోసింది. గున్నమ్మ గోనెపట్టా కదల్లేదు, దాలమ్మ చెయ్యి మీంచి ఆమె కన్నూ కదల్లేదు. ఆ రోజు చివరి బేరం జగన్నాధం మాస్టారిది.

దినాలు అయ్యాక తులసి మార్కెట్టుకి వెళ్ళింది. గోనెపట్టా మూరెడు ఇటు వచ్చి ఉంది. కాలితో అటు తోసింది. దాలమ్మ తోసినట్టే తోశాననుకుంది కానీ గట్టిగా తోసింది, గున్నమ్మ పీతల బుట్ట ఒరిగింది.

"పీట ఎవులు ఆడత్తారు ఇప్పుడు?" అంది గున్నమ్మ, పీతలు ఏరుకుంటూ.

"నానే."

"సూత్తాను."

చూసింది. మొదటి వారం తులసి వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కోసింది. చందువా చేపలు పాడుచేసింది. జగన్నాధం మాస్టారు మొహమాటానికి నలిగిన ముక్కలే పట్టుకెళ్ళాడు. అవి బాగున్నాయని కూడా అన్నాడు, అందుకు తులసికి ఆయన మీద కోపం వచ్చింది. తిట్టడానికి నోరు రాలేదు. ఆ నోరు దాలమ్మకే ఉండేది. వానలు ముదిరేనాటికి చేతికి కత్తి మాట వినడం అలవాటైంది. చోటు నిలిచింది. దాంతో పాటు తులసి బొటనవేలి మొదట్లో కూడా సన్నగా లాగుడు మొదలైంది.

అప్పుడు ఒంటరిగా శ్రీకాకుళం వెళ్ళింది. శ్రావణి గుమ్మంలోకి చూసి, తులసి వెనక ఇంకెవరైనా ఉన్నారా అని వెతికింది. తులసి చెప్పింది. ఆ పిల్ల కుర్చీ చూపించి, "లోపల ఒకామె ఉన్నారు, అయిపోతుంది" అంది.

తెర కొంచెం తొలగి ఉంది. బల్ల మీద ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక రైతు ముసలామె పడుకుని ఉంది. వెల్లకిలా ఉన్న ఎడమ చేతి మణికట్టు లోపలంతా పచ్చబొట్ల నలుపు, లైటు కింద ఉన్న కుడి చేతి అంచుల్లో కూడా అదే నలుపు. ఆమె కూడా ఊరుకోకుండా ఏదో చెబుతోంది. యంత్రం ఆమె చేతి మీద వరసలు వేసుకుంటూ వస్తోంది. మణికట్టు దగ్గరికి వచ్చింది. తులసి అది తల ఎత్తడం కోసం చూసింది. ఎత్తలేదు. వెలుతురు ఆరలేదు. అలాగే సాగి బొటనవేలి మొదలు మీద తీరుబడిగా తిరిగింది.

"దానికి పచ్చబొట్టు కనబడలేదేటి?" అంది తులసి. గొంతు పెద్దదైపోయింది.

శ్రావణి చేతులు నలుపుకుంది.

"ఇంజనీరుగారు కిందటి నెల వచ్చారు. మామ్మ సంగతి చెప్పాను. అరచెయ్యి పైకి కాకుండా బోర్లా పెట్టమన్నారు. ఆ పక్కన పచ్చబొట్టు లేదు కదా. వెలుతురు ఆ వైపు నుంచి కూడా లోపలికి దిగుతుందట. అంతా కాకపోయినా, చాలామటుకు."

తులసి తెర సందులోంచి మళ్ళీ చూసింది. ముసలామె అరచెయ్యి మెత్త మీద బోర్లా ఉంది. అంతే తేడా.